పొగమంచుకు ఖర్చు తక్కువ

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. ఇక అసలు సంగతికొస్తా.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నీకు దొరికిన పాత పేపర్‌బ్యాక్, ‘స్టార్ వార్స్’ అంతరిక్ష సినిమా పాత్రలతో అలన్ డీన్ ఫాస్టర్ రాయగా 1978లో అచ్చయిన నవల ‘స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ’. దాని గురించి రాస్తూ పేజీలకు పేజీలు ఒకటే గోల పెట్టావు. హీరో ల్యూక్, రాకుమారి లేయాల మధ్య ఆ చూపులేంటి, 1983 సినిమాలో వాళ్లు తోబుట్టువులని తేలింది కదా, 2014లో సినిమా కంపెనీవాళ్లే పాత నవలల్ని ‘లెజెండ్స్’ అని, అసలు కథ లెక్కలోకి రావని పక్కన పెట్టేశారు కదా, ఇక చదవడం దేనికి అని.

ఒళ్లు మండింది నాకు. ఐదేళ్ల తర్వాత వచ్చే సినిమాకి ఫాస్టర్‌ని జవాబు చెప్పమంటావా?

కథ జరిగే ఆ మింబన్ గ్రహం మీద అంత పొగమంచు ఎందుకుందని నీకు అనుమానమే రాలేదు. మొదటి ‘స్టార్ వార్స్’ ఓ మాదిరిగా ఆడితే, తక్కువ డబ్బుతో రెండోది తీసుకోవడానికి పనికొచ్చే కథ కావాలన్నాడు ఆ సినిమా తీసిన జార్జ్ లూకస్. మంచు కమ్మేస్తే వెనకాల పెద్ద సెట్టింగులు అక్కర్లేదు. మొదట్లో ఆయన రాసిన అంతరిక్ష యుద్ధాన్ని ఖర్చని తీసేయించారు. హారిసన్ ఫోర్డ్ రెండో సినిమాకి ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి అతను వేసిన హాన్ సోలో పాత్ర ఇందులో లేదు. తీరా సినిమా విరగబడి ఆడింది, ఆ చౌక కథతో పనే లేకపోయింది.

చేతులు కట్టేశాక ఆయనేం చేశాడో చూడు. రాకుమారిని గనుల ఊళ్లోకి పనిమనిషి వేషంలో దింపాడు. ల్యూక్‌తో తగువు పెట్టించి ఇద్దర్నీ బురదలో పొర్లించాడు. పైసా ఖర్చు లేదు! ఇప్పుడు ఏ సభకెళ్లినా రచయిత స్వేచ్ఛ అని ఊదరగొడుతున్నారు. షరతు లేనివాడు ఏం రాస్తాడో నేను చాలా చూశాను.

ఓ వారపత్రికలో ఎవరో సీరియల్ మధ్యలో వదిలేస్తే మిగతాది నాతో రాయించారు. బొమ్మలు ముందే వేయించేశారు. ఒకదాంట్లో నాయిక బావి గట్టు మీద కూర్చుంది, చేతిలో గొడ్డలి. కథలో అప్పటిదాకా బావీ లేదు, గొడ్డలీ లేదు. ‘బొమ్మకి అచ్చు బ్లాకు తయారైపోయింది, సర్దుకోండి’ అన్నాడు సంపాదకుడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. తిట్టుకుంటూ కూర్చున్నాను. బావి గోడలో రావిమొక్క మొలిచిందనీ, దాన్ని కొట్టడానికొచ్చి చెయ్యి రాక అలా ఉండిపోయిందనీ రాశాను. ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ రావిమొక్క గురించే. డబ్బులు నేటికీ ఇవ్వలేదు. పేరూ పాత రచయితదే వేశారు. ఆ మాటకొస్తే ఫాస్టర్‌దీ అదే కథ. మొదటి సినిమా నవల రాసింది ఆయన, అట్ట మీద పేరు జార్జ్ లూకస్‌ది.

‘బురద ఘట్టం చదివి బస్సులో గట్టిగా నవ్వేశాను, పక్కాయన పుస్తకంలోకి తొంగి చూశాడు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. పక్కాయన ఏమన్నాడు? ఆ పేజీ చూపించావా? అక్కణ్నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. కలం పేరు, పోటీలు, ఇంకేవేవో అడిగావు, వాటి సంగతి తర్వాత చూద్దాం. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు