చలికి మొరాయించే పాత డీజిల్ బండి: హీటర్ ప్లగ్గుల సంగతి

అల్లుడూ,

చింతపల్లికి బదిలీ అయినప్పట్నుంచి నీ ఇండికా పొద్దున్నే స్టార్టవ్వక ఏడిపిస్తోందని, మధ్యాహ్నమైతే ఒక్క తిప్పుకే అందుకుంటోందని మీ అమ్మ చెప్పింది. అక్కడి మెకానిక్ డీజిల్ చిమ్మే నాజిళ్ళు దించాలన్నాడట, వాటికి డీజిల్ తోసే పంపు కూడా విప్పి చూడాలన్నాడట. ఏదీ విప్పనివ్వకు. నాజిలూ పంపూ ఖర్చుతో కూడిన పని, అది ఆఖర్న చూసుకోవచ్చు. ఈ లక్షణాలకి ముందు అనుమానించాల్సింది హీటర్ ప్లగ్గుల్నే, అంటే చల్లటి ఇంజినుని స్టార్టుకి ముందు కరెంటుతో వేడిచేసే ప్లగ్గుల్ని. వాటిని నువ్వే ఇంటి ముందు నిలబడి పరీక్ష చేసుకోవచ్చు.

బెజవాడలో లేని రోగం అక్కడెలా వచ్చిందని అడిగావట. రోగం ఇక్కడే పట్టింది, బయటపడింది అక్కడ. మన దగ్గర సంక్రాంతి నాటి తెల్లవారుజామున కూడా సుమారు 17, 18 డిగ్రీలు ఉంటుంది. నాలుగు ప్లగ్గుల్లో రెండు చచ్చినా రెండు సార్లు సెల్ఫ్ కొడితే బండి అందుకుంటుంది, ఎవరికీ తెలీదు. మీ చింతపల్లి దగ్గర, లంబసింగి వైపు డిసెంబరు, జనవరిలో సున్నా దగ్గరికి దిగుతుంది. పైగా 1000 మీటర్ల ఎత్తులో గాలి మన ఊళ్ళో కంటే దాదాపు పదో వంతు పలచన, సిలిండర్లో గాలిని నొక్కితే (అదే కంప్రెషన్) పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, ఆ వేడీ ఆ మేరకు తగ్గుతుంది.

నీ బండిలో ఉన్నది పాత 1405 సీసీ ఇంజిను. ఇందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. ఇంజిను పైభాగంలో, అంటే హెడ్డులో ఒక చిన్న గది ఉంటుంది, అక్కడ అంటుకుని కిందకి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలే వేడినంతా తాగేస్తాయి. అందుకే ప్రతి గదిలోకీ ఒక ప్లగ్గు మొన పెట్టి ముందుగా ఎర్రగా కాల్చడం. ఇంజిను వేడెక్కాక దాని అవసరం ఉండదు, కాబట్టి మధ్యాహ్నం ఒక్క తిప్పుకే స్టార్టవుతోందంటే ఆశ్చర్యం లేదు.

ముందు పొగ చూడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, కళ్ళు మండించేది వస్తోందంటే డీజిల్ లోపలికి పోతోంది, అంటుకోవడం లేదని అర్థం. అది ప్లగ్గుల దారి. పొగే లేకపోతే డీజిలే రావట్లేదు, ఫిల్టరూ, లైన్లో గాలీ, పంపు మీది స్టాప్ సోలినాయిడూ (ఇంజిను ఆపడానికి డీజిల్‌ని కట్ చేసే కరెంటు వాల్వు) చూసుకోవాలి. స్టార్టయ్యాక నిమిషం పాటు మిస్సింగ్ కొట్టి, పొగ తగ్గి, దానంతటది సర్దుకుందా? ఒకటో రెండో ప్లగ్గులు పోయాయని దాదాపు రాసిచ్చేయొచ్చు.

ఇంకో చిన్న పరీక్ష, పనిముట్లు అక్కర్లేదు. తాళం తిప్పి హీటర్ లైటు ఆరేదాకా ఆగి, తాళం వెనక్కి తిప్పేసి, మళ్ళీ అలాగే చెయ్. ఇలా రెండు మూడు సార్లు వేడి చేశాక సులువుగా అందుకుంటే కొన్ని ప్లగ్గులు బతికే ఉన్నాయి. ఏ తేడా లేకపోతే అన్నిటికీ కరెంటే అందట్లేదేమో చూడాలి. ఆ డాష్‌బోర్డు లైటుని మాత్రం నమ్మకు. అది టైమర్ చెప్పినట్టు వెలిగి ఆరుతుంది, నాలుగు ప్లగ్గులూ కాలిపోయినా అంతే నిష్ఠగా ఆరుతుంది.

మీటరు పట్టుకునే ముందు బ్యాటరీ. రాత్రంతా ఊరుకున్న బ్యాటరీలో 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి పడకూడదు. ఇది తేలకుండా ప్లగ్గుల జోలికి పోతే తప్పుడు లెక్కలే వస్తాయి.

ఇప్పుడు అసలు పని. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే చెయ్, వేడి మీద టైమర్ త్వరగా కట్ చేసేస్తుంది. నాజిళ్ళ పక్కనే నాలుగు ప్లగ్గుల నెత్తిన ఒక లోహపు పట్టీ కనిపిస్తుంది. మల్టీమీటరు డీసీ 20 మీద పెట్టి, నల్ల వైరు ఇంజిను ఇనుముకి, ఎర్రది ఆ పట్టీకి ఆనించు. ఇంకొకర్ని తాళం తిప్పమను. 11 దాకా చూపిస్తే సరఫరా బాగుంది, లోపం ప్లగ్గుల్లో వెతుకు. ఏమీ రాకపోతే ప్లగ్గులకి కరెంటు వదిలే స్విచ్చు, అదే రిలే దగ్గరికి వెళ్ళు. దాని లావు టెర్మినళ్ళలో ఒకదానికి ఎప్పుడూ 12 ఉండాలి, లేకపోతే పెద్ద ఫ్యూజు పోయింది. తాళం తిప్పగానే రిలే టక్కుమన్నా రెండోదానికి కరెంటు రావట్లేదంటే లోపల పాయింట్లు కాలాయి. టక్కు అనే శబ్దమే లేకపోతే దానికొచ్చే సన్న వైర్లు, ఎర్త్ చూడు.

సరఫరా బాగుంటే బ్యాటరీ ఎర్త్ వైరు తీసేసి, ఆ పట్టీని పూర్తిగా ఊడదీసెయ్. ఈ మాట ఎంత చెప్పినా చాలామంది వినరు. పట్టీ ఉంచి కొలిస్తే నాలుగు ప్లగ్గులూ ఒకదానికొకటి సమాంతరంగా కలిసి 0.2 ఓముల దగ్గర చూపిస్తాయి, ఒకటి చచ్చినా 0.27 అవుతుంది. మామూలు మీటరు ఆ తేడా పట్టలేదు, "అన్నీ బాగున్నాయి" అని పంపించేస్తారు. పట్టీ తీశాక ఒక్కో ప్లగ్గు నెత్తికీ ఇంజిను ఇనుముకీ మధ్య ఓములు కొలువు. ముందు మీటరు రెండు మొనలూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకెని తీసెయ్. మిగిలేది సుమారు 0.5 నుంచి 1.5 లోపు, నాలుగింటిదీ దగ్గరదగ్గరగా ఉండాలి. మీటరు అసలు కదలకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే.

మీటరు లేకపోతే ఎర్త్ వైరు మళ్ళీ పెట్టి 21 వాట్ల ఇండికేటర్ బల్బు వాడు. ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ప్లగ్గు నెత్తికి. వెలిగితే కాయిల్ తెగలేదు. కానీ షార్టయిన ప్లగ్గుకీ బల్బు వెలుగుతుంది, అందుకే నేను మీటరునే నమ్ముతాను. వైరుకి పట్టిస్తే కరెంటు ఎంత పోతోందో చూపించే డీసీ క్లాంప్ మీటరు దొరికితే ఇంకా మంచిది. పట్టీ బిగించి ఉన్నప్పుడే దానికొచ్చే లావు వైరుకి పట్టించు, నాలుగూ బాగుంటే మొదట సుమారు 60 ఆంపియర్లు లాగి, ఎర్రబడే కొద్దీ 40 వైపు దిగుతుంది. కరెంటు పనివాళ్ళ దగ్గరుండే ఏసీ క్లాంపు దీనికి పనికిరాదు.

ప్లగ్గు విప్పడం మాత్రం అనుభవమున్న వాడితో చేయించు. ముందు రాత్రి ప్లగ్గు మరచుట్లు బిగిసిన చోట తుప్పు వదిలించే నూనె కొట్టి, పొద్దున్న ఇంజిను కాస్త వెచ్చబడ్డాక, చిన్న పిడి పానాతో మెల్లగా. మొండికేస్తే ముందుకీ వెనక్కీ ఆడించాలి. విరిగి మొన లోపలుండిపోతే హెడ్డు దించాలి. విప్పిన ప్లగ్గు మొన కరిగిపోయి గానీ ఉబ్బి గానీ ఉంటే కొత్తది వేసి చేతులు దులుపుకోకు, ఆ సిలిండర్ నాజిల్ కారుతోందేమో, పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే వేళ) ముందుకు జరిగిందేమో చూపించు. లేకపోతే కొత్తదీ అలాగే కాలుతుంది.

కొత్తవి కొనేటప్పుడు ఒంటి మీద 12 వోల్టులని చెక్కి ఉందో లేదో చూడు. ఇప్పటి కామన్ రైల్ (కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కొత్త రకం) బండ్లకి తక్కువ వోల్టులవి వస్తున్నాయి, వాటికి 12 ఇస్తే క్షణాల్లో మాడిపోతాయి. ఒకటి పోయినా నాలుగూ మార్చమనే నేనంటాను, వాటి వయసూ ఒకటే కదా.

రెండు పనులు చెయ్యొద్దు. గాలి గొట్టంలో ఈథర్ స్ప్రే కొట్టొద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గు దాన్ని అదుపులేకుండా పేలుస్తుంది, రింగులు విరుగుతాయి. రెండోది, ఘాట్ దిగుతూ బండిని వాలుకి దొర్లనిచ్చి స్టార్ట్ చేసే అలవాటు. ఇంజిను నడవకపోతే బ్రేకుకి బలమిచ్చే వ్యాక్యూమ్ ఉండదు, ఒకటి రెండు తొక్కుళ్ళకే బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది.

ఇంత చేసినా నాలుగూ బాగున్నాయని తేలితే అప్పుడు కంప్రెషన్ చూపిద్దాం. ఆదివారం పొద్దున్నే పని పెట్టుకుని బ్యాటరీ వోల్టులూ, పట్టీ మీది వోల్టులూ, నాలుగు ప్లగ్గుల ఓములూ విడివిడిగా కాగితం మీద రాసి ఫోటో పంపు. ప్లగ్గులే అయితే ఇక్కడ ఆటోనగర్‌లో నేనే చూసి కొని, నర్సీపట్నం బస్సులో వేయిస్తాను.

మీ మామయ్య