ఇంకో తలుపు తీయాలా, వెనక్కి తిరగాలా?

ప్రశ్న: 1974 నాటి డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌కూ ఇప్పుడు మేము ఆడుతున్న దానికీ నియమాల్లో పోలికే కనిపించడం లేదు. ఎడిషన్లు ఇన్ని మారినా దాన్ని అదే ఆట అని ఎందుకంటున్నాం?

తెలియనివాళ్ల కోసం ఒక మాట: ఇది బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక సాహసికుడి పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే ఆట; రాక్షసులనూ మిగతా లోకాన్నీ నడిపేవాడు డన్జన్ మాస్టర్. ఇదే ప్రశ్నకు ఇక్కడ వచ్చిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది పాత్ర బలం, తెలివి లాంటి ఆరు లక్షణాల అంకెల దగ్గరో, ఇరవై ముఖాల పాచిక దగ్గరో ఆగిపోయారు. ఆరు అంకెలు మొదటి నుంచీ ఉన్న మాట నిజమే. పాచిక సంగతి అలా కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మూడు చిన్న పుస్తకాల్లో పోరాటానికి అసలు ఆధారం ‘చెయిన్‌మెయిల్’ అనే అంతకుముందటి యుద్ధక్రీడ. ఇరవై ముఖాల పాచికతో కొట్టే పద్ధతిని ప్రత్యామ్నాయం అనే పేరుతోనే ఇచ్చారు. దెబ్బ తగలకుండా కాచే కవచం అంకె 2000వ సంవత్సరం దాకా తగ్గేకొద్దీ మంచిది, ఆ ఏడాది వచ్చిన మూడో ఎడిషన్ నుంచి పెరిగేకొద్దీ మంచిది. 1981 బేసిక్ పుస్తకంలో ఎల్ఫ్ అనే జాతే ఒక క్లాస్, అంటే పాత్ర వృత్తి. వీటిలో దేన్ని పట్టుకుని నిర్వచనం చెప్పినా ఏదో ఒక ఎడిషన్ దాన్ని కాదంటుంది.

నా లెక్కలో ఈ ఆటను ఈ ఆటగా నిలబెట్టేది ఒకే ఒక్క సందర్భం. నేలమాళిగలో మూసి ఉన్న తలుపు ముందు నలుగురు నిలబడి, తమ దగ్గర ఇంకా ఏం మిగిలిందో చూసుకుని, ఇది తీద్దామా వెనక్కి పోదామా అని వాదించుకోవడం. ఆ వాదన జరిగే బల్ల మీద ఏ ఎడిషన్ ఉన్నా అది డన్జన్స్ అండ్ డ్రాగన్సే. అది జరగని చోట, అట్ట మీద ఆ పేరే ఉన్నా, నేను ఒప్పుకోను.

నేను మిల్వాకీలో ఎమ్మెస్ చదివాను. ఆట పుట్టిన లేక్ జెనీవా కూడా విస్కాన్సిన్‌లోనే, అక్కడికి కారులో గంట ప్రయాణం. మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, కూడా మిల్వాకీలోనే చదువుతుండేవాడు. మాతో ఆడించిన పెద్దాయన చిన్నప్పటి నుంచి ఆ ఆటలోనే పెరిగినవాడు. తన ఇంటి బేస్‌మెంట్‌లో, 1981 బేసిక్ నియమాలతో, గైగాక్స్ రాసిన ‘ది కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్’ అనే సాహసం ఆడించాడు. ఒక లోయ, దాని గోడల నిండా గుహలు, ఒక్కో గుహలో ఒక్కో రాక్షస మూక.

నాది మాంత్రికుడి పాత్ర. మొదటి లెవెల్‌లో రోజుకు ఒకటే మంత్రం. నా నిద్రమంత్రం ఓర్క్‌ల గుహలో అడుగుపెట్టగానే ఖర్చయిపోయింది. ఆ పుస్తకంలో మొదటి లెవెల్ క్లెరిక్‌కు, అంటే పూజారికి, మంత్రాలే ఉండవు కాబట్టి గాయాలు మాన్పేవారు లేరు. చేతికి మాత్రం గోతాం నిండా వెండి దొరికింది. దొరికితే సరిపోదు, ప్రాణాలతో బయటికి మోసుకొస్తేనే అది అనుభవంగా మారుతుంది: ఒక బంగారు నాణెం విలువకు ఒక పాయింటు. ఆ బరువుకు నడక మందగిస్తుంది. నడక మందగిస్తే కాగడా ముందే అయిపోతుంది, ఎందుకంటే కాగడా గంటసేపే వెలుగుతుంది. చూశారా, ఒక నియమం ఇంకోదాని మెడ ఎలా పట్టుకుంటుందో!

మా తమ్ముడిది ఫైటర్. రెండో లెవెల్‌కు 2,000 పాయింట్లు కావాలి.

‘‘అన్నయ్యా, ఈ వెండి మొత్తం బయటికి చేర్చినా నాకు లెవెల్ రాదు. ఆ చివరి తలుపు ఒక్కటీ చూసి వెళ్దాం.’’

‘‘వద్దురా. నా దగ్గర మంత్రం లేదు, నీ ప్రాణానికి మిగిలింది మూడు హిట్ పాయింట్లు.’’

‘‘మళ్లీ వచ్చేసరికి వాళ్లు కాపలా పెంచరా? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.’’

వాడు చెప్పిన దాంట్లోనూ న్యాయం ఉంది. మాతో ఉన్న ఇద్దరు అమెరికన్ మిత్రులు చెరో పక్షం చేరారు. మేం తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి, మళ్లీ తెలుగులోకి మారుతూ వాదించుకుంటూనే ఉన్నాం. పెద్దాయన తొందరపెట్టలేదు, సలహా ఇవ్వలేదు. మా వాదనకు కూడా కాలం లెక్కపెట్టి, కాగడాకు మిగిలిన సమయం కాగితం మీద కొట్టేసి, ఆరు ముఖాల పాచిక అందరి ముందూ వేశాడు. ఒకటి పడింది. అంటే ఎవరో ఇటే వస్తున్నారు.

పరుగెత్తాం. గోతాంతో పరుగు సాగదు. ఆ పుస్తకంలో ఒక చిన్న నియమం ఉంది: తరుముకొస్తున్న తెలివిగల శత్రువుల ముందు నిధి పారేస్తే, పాచిక మీద ఒకటి నుంచి మూడు లోపు పడినప్పుడు వాళ్లు ఆగి ఏరుకుంటారు. మా తమ్ముడు గోతాం విసిరేశాడు. పాచిక మళ్లీ అందరి కళ్ల ముందే దొర్లింది. రెండు పడింది. ఓర్క్‌లు ఆగారు, మేం బతికాం, వెండి పోయింది, ఒక్క పాయింటు రాలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్తున్నంతసేపూ మా తమ్ముడు ఆ గోతాం గురించే మాట్లాడాడు. ఏ కంప్యూటర్ ఆటలో పోగొట్టుకున్న దేనికీ వాడు అంత బాధపడటం నేను చూడలేదు.

అసలు విషయం దీని తర్వాతే ఉంది. కొంతకాలానికి అదే పెద్దాయన అవే గుహలను 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌తో ఆడించాడు. ఆ ఎడిషన్‌ను ఎంతోమంది తిట్టారు, కంప్యూటర్ ఆటను కాగితం మీద పెట్టారని. కాగడా బెంగ లేదు, బంగారానికి పాయింట్లు లేవు, ఫైటర్‌కు కూడా మాంత్రికుడిలా పేర్లున్న విద్యలు. కానీ రోజుకు ఒక్కసారే వాడగల విద్య అయిపోయి, గాయం మాన్పుకునే హీలింగ్ సర్జ్‌లు అడుగంటాక, మా తమ్ముడు నోరు తెరిచి అదే మాట అన్నాడు: ‘‘అన్నయ్యా, ఇంకొక్క తలుపు.’’ నియమాలన్నీ మారాయి, వాదన మారలేదు. నాకు ఆ ఒక్క రుజువు చాలు.

ఇది యాదృచ్ఛికం కాదు. అంతకుముందు చాలా యుద్ధక్రీడల్లో సైన్యం ఆ ఒక్క పోరుకే, మరుసటి వారం మళ్లీ కొత్త సైన్యం. ఆర్నెసన్ తాను కల్పించిన బ్లాక్‌మూర్ లోకంలో ఒకే మనిషిని ఒక వారం నుంచి ఇంకో వారానికి నడిపించాడు. గాయమూ సంపాదనా కూడా వాడితోనే వస్తాయి. ఎండాకాలంలో బావి అడుగు చూస్తూ నీళ్లు తోడుకున్నట్లు ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడం అక్కడే మొదలైంది. తర్వాత వచ్చినవాళ్లు లెక్కలు మార్చారు తప్ప దాన్ని తీసేయలేకపోయారు. మూడో ఎడిషన్ రోజుకు నాలుగు పోరాటాలు వస్తాయని లెక్కగట్టింది. 2014 ఐదో ఎడిషన్‌లో డన్జన్ మాస్టర్ పుస్తకం ఒక జట్టు రోజుకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు తట్టుకోగలదని రాసింది.

ఆ పేజీ ఎవరూ చదవరు, నా కోపమంతా అక్కడే. ఒక్క పోరాటం అవుతుంది, దగ్గర ఉన్న మంత్రాలన్నీ దాని మీదే కుమ్మరిస్తారు, వెంటనే తలుపుకు అడ్డం పెట్టి ఎనిమిది గంటలు పడుకుంటారు. లేచేసరికి హిట్ పాయింట్లన్నీ నిండుగా, మంత్రాలన్నీ చేతిలో. శత్రువు మాత్రం పక్క గదిలో కదలకుండా ఎదురుచూస్తూ ఉంటాడు! పైగా డన్జన్ మాస్టర్ తాను అల్లుకున్న కథ చెడిపోతుందని అట్ట చాటున పాచిక వేసి, పడిన అంకె దాచి, అందరినీ బతికిస్తాడు. వెనక్కి తిరగాల్సిన అవసరమే లేని చోట ముందుకు వెళ్లడంలో సాహసం ఏముంది? ఇక పాత్రకు పది పేజీల పూర్వగాథ రాసుకొచ్చేవాళ్లు. ఆ మనిషి ఎవరో మొదటి గుహలోనే తేలుతుంది కదా, ముందే అంతా రాసేసుకుంటే బల్ల దగ్గర కనుక్కునేది ఏముంటుంది?

పేరు ఎవరిదన్నది కూడా ఈ ప్రశ్నకు జవాబు కాదు. ఈ ఆటను మొదట అచ్చేసిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఆటల కంపెనీ కొన్నది, విజార్డ్స్‌ను 1999లో బొమ్మల కంపెనీ హాస్బ్రో కొన్నది. నియమాలను ఇతరులూ వాడుకోవచ్చని 2000లో ఇచ్చిన బహిరంగ లైసెన్సు పుణ్యమా అని 2009లో పైజో అనే మరో కంపెనీ వాళ్లు మూడో ఎడిషన్ ఎముకల మీదే పాత్‌ఫైండర్ అనే ఆటను నిలబెట్టారు. నన్నడిగితే అదీ డన్జన్స్ అండ్ డ్రాగన్సే. 2023 జనవరిలో ఆ లైసెన్సును విజార్డ్స్ మార్చబోతే ఆడేవాళ్లు ఎదురుతిరిగారు. చివరికి కంపెనీయే ఐదో ఎడిషన్ మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేయాల్సి వచ్చింది. ఆట బల్ల చుట్టూ కూర్చునేవాళ్లదని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

మీరు ఐదో ఎడిషన్ ఆడుతుంటే పాత పుస్తకాల కోసం వెతకనక్కరలేదు. 2014 డన్జన్ మాస్టర్ పుస్తకంలోనే గ్రిట్టీ రియలిజం అని ఒక ఐచ్ఛిక నియమం ఉంది. చిన్న విశ్రాంతికి ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు పడుతుంది. దాన్ని పెట్టుకుని, పాచికలు అందరి ముందూ వేసి, ఒక నెల ఆడండి. ఆ తర్వాత 1981 పుస్తకం చదివితే మీకు కొత్తగా అనిపించేవి అంకెలు మాత్రమే.