ఆ ‘ఎప్పుడు’ నా హార్మోనియం కింద పడి నలిగింది

చిత్తూరు, ఆదివారం

పాపా,

స్టేజీ పాట పాత్రనీ కథనీ ఎలా చెబుతుందో ప్రాజెక్టు రాస్తున్నావని, దానికి ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలోని ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పద్యం తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీ అవ్వకి ఆ సంగతి రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వెతికి వెతికి ఆ పద్యం జోలికే పోయావా తల్లీ!

పద్యం చేత్తో రాసుకో, తెలియని మాటలకి నిఘంటువు చూడు, ముగ్గురు నలుగురు నటులు పాడింది విను. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు. రాగాల పేర్లతో పేజీలు నింపావంటే మాత్రం ఊరుకోను. ఛందస్సు శార్దూలమనీ, పాదానికి 19 అక్షరాలనీ రాస్తే కృష్ణుడు ఎలాంటివాడో తెలుస్తుందా? అన్నట్టు, ఈ పద్యం రాసిన తిరుపతి వేంకట కవుల పేరు చూసి మన తిరుపతి వాళ్లని రాసేవు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఇద్దరిదీ గోదావరి వైపు. మన వీధిలో సగం మందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఇక నా బాగోతం విను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పూతలపట్టు దగ్గర ఒక పల్లె తిరునాళ్లలో నాటకం. హార్మోనియం వాయించే ఆయనకి జ్వరమొస్తే నన్ను కూర్చోబెట్టారు. పడక సీను: యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు వస్తే కృష్ణుడు నిద్రలో ఉంటాడు. కృష్ణుడు కళ్లు తెరిచి, కాళ్ల దగ్గరున్న అర్జునుణ్ణి ‘ఎక్కడనుండి రాక’ అని అడిగాడు. బాగానే నడిచింది. తర్వాత తల వైపు తిరిగి, దుర్యోధనుణ్ణి చూసి ‘బావా’ అని ఎత్తుకున్నాడు. ఈలలే ఈలలు. అవి నాకే అనుకున్నాను! ఆయన ఊపిరి తీసుకునే సందులో నేను అందుకుని మెట్ల మీద పరుగులు తీశాను. ఆయన ‘ఎప్పుడు’ అన్నది ముందు వరసకి కూడా వినపడలేదు. వన్స్ మోర్ అన్నారు. మళ్లీ అదే పని చేశాను. మూడోసారికి దుర్యోధనుడి మొహంలో నవ్వు ఎండిపోయింది, పాపం కిరీటం సర్దుకుంటూ కూర్చున్నాడు. చాప మీద నుంచి ఒక ముసలమ్మ, “చుట్టమొచ్చి ఎంతసేపాయ, పలకరించేలోగా తెల్లారేట్టుందే అప్పా!” అనింది. జనమంతా నవ్వు. సీను పోయింది.

కృష్ణుడి వేషం ఆయన నన్ను తిట్టలేదు. రంగు కడుక్కుంటూ అడిగాడు, “అర్జునుణ్ణి ఎక్కడ్నించి వచ్చావన్నాను, వీణ్ణి ఎప్పుడొచ్చావన్నాను. ఎందుకురా?” నేను నోరు తెరవలేదు. “ముందొచ్చింది దుర్యోధనుడు, ముందు కనపడింది అర్జునుడు. గొడవంతా ఆ ‘ఎప్పుడు’ దగ్గరే కదరా. దాన్నే మింగేశావు” అన్నాడు.

అందుకే పాపా, పాడేవాణ్ణి ఒకసారి చూస్తే వినేవాణ్ణి రెండుసార్లు చూడు. కుశలమడిగిన పేర్లు వరసగా రాసుకో: తమ్ముళ్లు, కొడుకులు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు. యుద్ధమయ్యాక వీళ్లలో ఎవరు మిగులుతారు? వినేవాడికి తెలియదు, అడిగేవాడికి తెలుసు. అర్జునుణ్ణి అడిగినప్పుడు మాత్రం, భీముడు తన అన్న ధర్మరాజు మాట విని శాంతంగా ఉన్నాడా అని ఆరా తీస్తాడు. అక్కడ ఆరా, ఇక్కడ మర్యాద. మీ మేడం చెప్పే ఇంగ్లీషు మ్యూజికల్ థియేటర్లో ‘ఐ వాంట్ సాంగ్’ అని ఉంటుందట కదా, పాత్ర తనకేం కావాలో మొదట్లోనే పాడేస్తుందని. కృష్ణుడు తనకి కావలసింది దాచుకుని పాడతాడు. ఈ తేడా మీద ఒక పేజీ రాయి.

సెల్లులో పద్యం ముక్క ఒక్కటే విని రాయొద్దు, ముందు సీను, వెనక సీను కలిపి చూడు. నాటకానికి పోతే తెల్లారేదాకా అక్కడే ఉండు. నడిరాత్రి ఆటోలో హాస్టలుకి బయల్దేరావని తెలిస్తే నీ ప్రాజెక్టూ వద్దు, ఏమీ వద్దు. శాలువా తీసుకుపో. నీకు చలి పడదు.

హార్మోనియం అటక మీద నుంచి దించాను. తిత్తి ఒక చోట చిరిగింది, అతికించాలి. వచ్చే ఆదివారం రా. పద్యం నువ్వు పాడు, నేను శ్రుతి మాత్రం పడతాను.

తాత