కోల్డ్ వార్ ఎక్కడ మొదలైందంటే, నన్నడిగితే కరెన్సీ నోట్ల దగ్గర

ప్రశ్న ఏంటంటే, హిట్లర్ మీద కలిసి యుద్ధం చేసిన అమెరికా, రష్యా అంత తొందరగా ఎలా చెడిపోయాయి, తప్పెవరిది అని. దీనికి అందరూ 1946లో చర్చిల్ అమెరికాలోని ఫుల్టన్‌లో, యూరప్‌కి అడ్డంగా దిగిందని చెప్పిన ఇనుప తెర దగ్గరో, 1947 మార్చిలో కమ్యూనిజాన్ని అడ్డుకుంటామన్న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రసంగం దగ్గరో మొదలుపెడతారు. అవన్నీ మాటలండీ. అసలు గొడవ చేతల్లోకి దిగింది 1948 జూన్‌లో, బెర్లిన్‌లో, డబ్బు దగ్గర. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే ఉద్యోగం పేరుతో వచ్చి నేనుంటున్నది ఆ ఊళ్లోనే, టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయానికి నడిచి వెళ్లేంత దూరంలో.

మా పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. లిఫ్ట్ పాడైనప్పుడల్లా (ఇది వేరే కథ, అద్దె మాత్రం నెల మొదట్లోనే లాగేస్తారు, లిఫ్ట్ గురించి మెయిల్ పెడితే వారాల తరబడి జవాబుండదు) ఆవిడ సరుకుల సంచి నేనే పైకి తెచ్చిపెడతాను. ఒకరోజు కాఫీకి కూర్చోబెట్టి, బిస్కెట్ల డబ్బాలోంచి ఒక పాత నోటు తీసి చూపించారు. హిట్లర్ కాలం నాటి రైష్‌మార్క్ నోటే, కానీ దాని మీద పోస్టల్ స్టాంపులాంటి చిన్న కాగితం అతికించి ఉంది. జిగురు పసుపెక్కి, ఒక అంచు లేచిపోయింది. రష్యా వాళ్లు హడావిడిగా దింపిన "కొత్త" డబ్బు అదే! అప్పట్లో పెద్దవాళ్లంతా గోడలకంటించే కాగితంతో పోల్చి వెక్కిరించేవాళ్లట.

ఎందుకా హడావిడి అంటే, యుద్ధం అయ్యాక జర్మనీలో పాత నోటుకి విలువ లేదు, సిగరెట్లే డబ్బులాగా చెలామణీ అయ్యేవి. అందులో అమెరికా పాత్ర కూడా ఉంది, ఈ సంగతి ఎవరూ చెప్పరు. సైన్యాలు వాడుకునే మార్కుల్ని అచ్చేసే ప్లేట్లను 1944లో రష్యా చేతికిచ్చింది వాళ్లే. రష్యా వాళ్లు లెక్కాపత్రం లేకుండా అచ్చేసుకున్నారు. ఓడిన జర్మనీని, రష్యా భాగం మధ్యలో ఉన్న బెర్లిన్‌ని కూడా, ఈ నాలుగు దేశాలూ పంచుకున్నాయి. తర్వాత విసుగొచ్చి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి 1948 జూన్ 20న పశ్చిమాన ఉన్న తమ భాగాల్లో డాయిష్ మార్క్ అనే కొత్త డబ్బు దింపాయి. ఆ నోట్లు అమెరికాలో అచ్చయి, పెట్టెల్లో రహస్యంగా ఓడల మీద జర్మనీలోని బ్రెమర్‌హావెన్ రేవుకి చేరాయి. మనిషికి మొదటి విడతగా 40 మార్కులు. మర్నాటికల్లా, అప్పటిదాకా దాచిన సరుకంతా షాపుల్లో ప్రత్యక్షం. అక్కడ చెల్లని పాత నోట్లన్నీ తమ భాగంలోకి వచ్చిపడతాయనే రష్యా వాళ్లు హడావిడిగా ఆ స్టాంపులు అంటించింది. 2016లో మన ఏటీఎంల ముందు క్యూలు గుర్తున్నాయి కదా, దానికి తోడు మీ వీధిలో చెల్లే నోటు పక్క వీధిలో చెల్లదనుకోండి, అదీ అప్పటి బెర్లిన్.

కొత్త మార్క్ పశ్చిమ బెర్లిన్‌లోకి రాగానే, జూన్ 24న స్టాలిన్ పశ్చిమ జర్మనీ వైపు నుంచి అక్కడికొచ్చే రోడ్లు, రైళ్లు, కాలువలు మూయించేశాడు. లోపల 20 లక్షల పైచిలుకు జనం. వాళ్లకి కావలసిన సరుకులు అమెరికా, బ్రిటన్ విమానాల్లో మోసుకొచ్చాయి. ఆకాశం ఎందుకు మూయలేదంటే, విమానాలకి మూడు దారులు 1945లోనే కాగితం మీద రాసుకున్నారు. రోడ్డు దారికి మాత్రం ఏ రాతా లేదు. అంత పెద్ద దేశాలు, అంత పెద్ద లాయర్లు, నోటిమాట మీద వదిలేశారంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం, ఆ చాక్లెట్ల కథ. హాల్వర్సన్ అనే పైలట్ రుమాళ్లతో పారాచూట్లు కట్టి పిల్లలకి చాక్లెట్లు వదిలాడు, నిజమే, మంచివాడే. కానీ యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా అదే, ఏడుపు మ్యూజిక్‌తో సహా. మోసిన దాదాపు 23 లక్షల టన్నుల్లో మూడింట రెండు వంతులు బొగ్గండీ! బొగ్గు మీద సినిమా తీస్తే ఎవరూ చూడరు కాబట్టి చాక్లెట్. ఉప్పేమో మామూలు విమానాల్ని తినేస్తుందని, బ్రిటిష్ వాళ్లు నీటి మీద దిగే విమానాల్లో తెచ్చి హాఫెల్ నదిలో దింపేవాళ్లు. మా పెద్దావిడకి ఒక్క చాక్లెట్టూ దొరకలేదట, ఆ కోపం ఇంకా ఉంది.

ఆవిడకి బాగా గుర్తున్నది కరెంటు. రోజుకి కొద్ది గంటలే, అదీ ఎప్పుడొస్తుందో ఆ వాడ వంతును బట్టి. వాళ్లకి అర్ధరాత్రి వచ్చేదట. బల్బు వెలగగానే అమ్మ లేచి, ఎండబెట్టిన బంగాళాదుంపల పొడిని నీళ్లలో ఉడకబెట్టి, అదే వేడి మీద ఇస్త్రీ కూడా కానిచ్చి, పిల్లల్ని లేపి నిద్రకళ్లతోనే తినిపించేది. ఆ పొడి రుచి ఎలా ఉండేదంటే మొహం అదోలా పెట్టారు తప్ప చెప్పలేదు. ఇంకోటి, అప్పుడప్పుడూ అమ్మతో ఊళ్లో తిరిగే రైలెక్కి బెర్లిన్‌లోని రష్యా భాగంలోకి వెళ్లి కూరగాయలు కొనుక్కొచ్చేవాళ్లట. గోడ వచ్చింది 1961లో కదా, అప్పటికి మనుషుల రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. ఊరిని పురుగు కూడా దూరకుండా బిగించేశారని రాసేవాళ్లు ఈ ముక్క ఎందుకు మింగేస్తారో.

తప్పెవరిదంటారా? గిల్లింది అమెరికా, గిల్లినందుకు ఇల్లు తగలబెట్టబోయింది స్టాలిన్. పశ్చిమ జర్మనీ అనే దేశం పుట్టకూడదనే ఆయన ఇదంతా చేశాడు. దిగ్బంధం ఎత్తేసింది 1949 మే 12న. ఈలోపు ఏప్రిల్‌లో అమెరికా వైపు సైనిక కూటమి నాటో పుట్టింది, ఎత్తేసిన పదకొండు రోజులకే, మే 23న ఆ దేశమూ పుట్టింది. వద్దన్నవన్నీ దగ్గరుండి జరిపించుకున్నాడు, అంతే.

మీరిది గ్రూప్స్ పరీక్ష కోసం అడుగుతుంటే మాత్రం బుద్ధిగా ట్రూమన్ సిద్ధాంతం, 1947 అని రాసేయండి. నా నోట్ల థియరీకి మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.