ఇంట్లో గంజాయి మొక్క: అక్కడి అనుమతి, మన వీసా

సెలవులకు విశాఖ వచ్చినప్పుడల్లా విదేశీ చదువులకు బయలుదేరుతున్న పిల్లలు నన్ను ఏదో ఒక సందేహం అడుగుతూనే ఉంటారు. ఈసారి ఎక్కువమంది, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు గొంతు తగ్గించి మరీ అడిగింది ఇది: "అంకుల్, కెనడాలో ఇంట్లోనే నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చట కదా, మేమూ పెంచుకోవచ్చా?" చింతపల్లి, పెదబయలు వైపు పోలీసులు గంజాయి తోటలు నరికేస్తున్న వార్తలు చదువుతూ పెరిగిన పిల్లలకు, అదే మొక్క విత్తనాలను ఒంటారియోలో ప్రభుత్వ సంస్థే అమ్ముతోందని తెలిస్తే ఆశ్చర్యం కలగడం సహజమే. ఇన్నేళ్లుగా అక్కడ ఉంటున్నవాడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే: పౌరసత్వం చేతికి వచ్చేదాకా ఆ ఆలోచన పెట్టుకోకండి.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధమైన మాట నిజం. అయితే నాలుగు మొక్కలన్నది మనిషికి కాదు, ఇంటికి. మన పిల్లలు ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే బేస్‌మెంట్‌లో, ఐదారుగురు కలిసి అద్దెకుంటారు. ఒకరు అలమారలో దీపాలు బిగించి నాలుగు కుండీలు పెట్టి, ఇంకొకరు కిటికీ దగ్గర మరొకటి పెడితే ఆ ఇంటి లెక్క ఐదుకు చేరి హద్దు దాటినట్టే. హద్దు దాటిన పెంపకానికి చట్టంలో గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు. కోర్టు జరిమానాతోనే వదిలిపెట్టినా చిక్కు తీరదు. పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరం రుజువైతే వలస చట్టం దానిని తీవ్ర నేరంగా లెక్కిస్తుంది, శాశ్వత నివాసం ఉన్నవారికి కూడా ఆ దేశంలో ఉండే అర్హత పోవచ్చు. క్యూబెక్‌లోనైతే ఇంట్లో ఒక్క మొక్క పెంచడం కూడా నిషేధమే, ఆ నిషేధం చెల్లుతుందని 2023లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అమెరికా వెళ్లేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొలరాడో ఓటర్లు 2012లో, కాలిఫోర్నియా ఓటర్లు 2016లో పెంపకాన్ని అనుమతించారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో మాత్రం కొనుక్కోవచ్చు గాని, సరదా కోసం ఇంట్లో పెంచడం నేరమే. ఇవన్నీ రాష్ట్రాల చట్టాలు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, దాని చట్టం ఈ ఇంటి పెంపకాన్ని అనుమతించదు. కేసు పడకపోయినా, విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు పెంచానని మన నోటితో ఒప్పుకోవడం ఒక్కటే ప్రవేశాన్ని నిరాకరించడానికి చాలు. రాష్ట్రం అనుమతించిన పెంపకమైనా సరే పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని వలస శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా ప్రకటించింది, గంజాయి దుకాణాల్లో ఉద్యోగాలనూ అదే లెక్కలో చేర్చింది. అలాగని దరఖాస్తులో అబద్ధం రాయకండి, అది వేరే నేరం అవుతుంది. ఇప్పటికే అలాంటిది ఏదైనా జరిగి ఉంటే, దరఖాస్తు పంపే ముందు వలస న్యాయవాదితో మాట్లాడండి.

జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దలకు మూడేసి మొక్కలు అనుమతించింది గాని, అక్కడ కనీసం ఆరు నెలలుగా నివాసం ఉంటున్నవారికే.

ఇంటి దగ్గర తల్లిదండ్రులకూ తెలియని విషయం ఒకటుంది. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని దాని మొదటి సెక్షన్‌లోనే రాసి ఉంది. గంజాయి మొక్క పెంపకానికి అందులో పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. టొరంటోలో కుండీలో మొక్క ఉందని విశాఖ పోలీసులు వెంటనే కేసు పెడతారని నేను అనడం లేదు. అక్కడ అడుగుపెట్టినంత మాత్రాన మన చట్టం మనల్ని వదిలేసిందని అనుకోవద్దని మాత్రమే చెబుతున్నాను. స్నేహితుల కోసమంటూ గంజాయి కలిపిన గమ్మీలు, చాక్లెట్లు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేవారైతే రెండు దేశాల్లోనూ నేరం చేస్తున్నట్టే. అనుమతి లేకుండా గంజాయిని దేశం దాటించడం కెనడాలోనూ నేరమే, దానికీ గరిష్ఠ శిక్ష 14 ఏళ్లే.

మీరు పెంచకపోయినా రూమ్మేట్ పెంచుతుంటే ఏం చేయాలని ఎంవీపీ కాలనీ అమ్మాయి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న అమ్మా. అమెరికాలో అయితే ఆ ఇంట్లో చేరకపోవడమే మేలు. కెనడాలో అయితే ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ ఇంట్లో మొక్కలు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి, ఎవరివి, యజమానికి తెలుసా అని మెసేజ్ పెట్టి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకుని దాచుకోండి. మీరు చేరిన తరువాత మొదలుపెడితే నీళ్లు పోయడం, ఆకులు కత్తిరించడం, కరెంటు బిల్లులో ఆ దీపాల వాటా కట్టడం వంటి చిన్న సాయం కూడా చేయకండి. వీలైనంత త్వరగా వేరే గది చూసుకోండి, ఆ వెతుకులాటలో సాయం కావాలంటే అక్కడి తెలుగు సంఘాలను మొహమాటపడకుండా అడగండి.