డబ్బు లెక్క ఇప్పుడే తీసుకోకు, టీ అడుగు

తమ్ముడూ, తాగుడు మానేసి ఐదు నెలలే అయిందన్నావు. పర్లాకిమిడి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) గ్రూపులో సెక్రటరీ గారు మూడేళ్లుగా అన్నీ ఒక్కరే చూస్తున్నారు, ఇప్పుడు డబ్బు లెక్క నిన్ను చూడమంటున్నారు, ఒప్పుకోవాలా అన్నది కదా నీ ప్రశ్న?

ఇప్పుడే వద్దు. ట్రెజరర్‌కి, అంటే డబ్బు చూసేవారికి, మానేసి ఏడాదైనా నిండాలని చాలా గ్రూపులు చూస్తాయి. నీ మీద నమ్మకం లేక కాదు, మనసు బాగోలేని రోజున బీరువాలో గ్రూపు డబ్బు ఉండడమే ప్రమాదం. టీ పని అడుగు. అరగంట ముందు వెళ్లి కుర్చీలు వేసి స్టవ్ మీద నీళ్లు పెడితే, బెరుగ్గా గుమ్మంలో నిలబడ్డ కొత్తవాడికి మొదట కనిపించే మొహం నీదే. ఒడియా వాళ్లని ఒడియాలోనే పలకరించు.

డబ్బు ఎవరు చూసినా, మీటింగ్ అవగానే చందాల డబ్బా అక్కడే తెరిచి ఇద్దరు లెక్కపెట్టాలి. తారీఖు, మొత్తం, ఇద్దరి పొట్టి సంతకాలు (ఇంటిపేర్లు వద్దు) నోటుబుక్కులో పడాలి. "ఇంటికెళ్లి రాస్తాలే" అన్నచోటే తేడా మొదలవుతుంది. ముందు గది అద్దె, తర్వాత టీ, పుస్తకాలు. ఒకటి రెండు నెలల ఖర్చు పక్కన పెట్టి మిగిలింది ఇంటర్‌గ్రూపుకి (చుట్టుపక్కల ఏఏ గ్రూపులన్నిటికీ కలిపి ఉండే ఆఫీసుకి) పంపాలి. ఊరి పెద్దమనిషి ఐదు వేలు ఇస్తానన్నా పుచ్చుకోకూడదు, ఏఏ పాటించే పన్నెండు సంప్రదాయాల్లో ఏడోదాని ప్రకారం బయటి విరాళం పనికిరాదు.

సెక్రటరీ గారిని దిగిపొమ్మనకండి. గ్రూపంతా కూర్చుని ప్రతి పనికీ ఆర్నెల్లో ఏడాదో గడువు రాసుకోండి. కొత్తగా వచ్చేవారు నెల రోజులు ఆయన పక్కనే ఉండాలి. తాళాలు, గది ఇంటాయన నంబరు, పుస్తకాలు తెప్పించే చోటు ఇప్పటికి ఆయనకొక్కరికే తెలుసు.