నెదర్లాండ్స్ వస్తే రెంబ్రాంట్, వాన్ గో కాక ఇంకెవరి బొమ్మలు చూడాలి?

నన్నడిగితే చార్లీ టోరోప్ అంటాను. పేరు చూసి మగాడనుకోకండి, నేనూ మొదట అలాగే పొరబడ్డాను. అసలు పేరు ఆనీ కరోలిన్. 1891లో సముద్రం ఒడ్డున కాట్‌వైక్‌లో పుట్టింది. తండ్రి యాన్ టోరోప్ అప్పటికే పేరున్న చిత్రకారుడు. ఈవిడ ముందు సంగీతం నేర్చుకుని, తర్వాత బొమ్మల్లోకి వచ్చింది.

నేను రోటర్‌డామ్‌లో ఉండబట్టి తొమ్మిదేళ్లు. వచ్చిన కొత్తలో ఒక విషయం వింతగా ఉండేది. లైడెన్, డెల్ఫ్ట్, ఆమ్‌స్టర్‌డామ్, ఎక్కడికి వెళ్లినా కాలవలు, వందల ఏళ్లనాటి ఇటుక ఇళ్లు. మా ఊరి నడిబొడ్డున మాత్రం అన్నీ గాజు మేడలే. 1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులేస్తే ఊరి నడిమి భాగం కాలిపోయిందనీ, 80,000 మంది దాకా నిలువ నీడ లేకుండా పోయారనీ ఆఫీసులో చెప్పారు. విన్నాను, ఊరుకున్నాను. రోజూ ఆ వీధుల్లోంచే ట్రామ్ ఎక్కి వెళ్లినా అది నాకు పట్టింది మాత్రం ఊరికి చాలా దూరంగా, ఒక అడవిలో.

ఓటర్లో దగ్గర హోగె వెల్యూవె అనే అడవిలో క్రోలర్-మ్యూలర్ మ్యూజియం ఉంది. మేం వెళ్లింది వాన్ గో కోసమే. గేటు దగ్గర తెల్ల సైకిళ్లు ఉచితంగా ఇస్తారు. వాటికి హ్యాండ్ బ్రేకులుండవు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతాయి. ఆ సంగతి తెలియక మొదటి మలుపులోనే పొదల్లోకి వెళ్లిపోయాను. చీరుకుపోయిన మోకాలితో, కాస్త చిరాగ్గా గదులన్నీ తిరుగుతుంటే ఎదురైందా బొమ్మ. రంగులు పూసుకున్న సర్కస్ బఫూన్. వెనకాల కూలిపోయిన రోటర్‌డామ్. 1940-41లో వేసింది, అంటే ఊరు ఇంకా జర్మన్ల చేతుల్లో ఉండగానే. వేషం నవ్వించేదే, ముఖంలో మాత్రం నవ్వు లేదు. నేను రోజూ ట్రామ్ దిగే చోటు ఇలా ఉండేదా అని అప్పుడు గుండె గుభేలుమంది. మోకాలి నొప్పి కూడా మర్చిపోయాను.

మరుసటి ఏడు మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వస్తే ఆవిణ్ణీ తీసుకెళ్లాను (ఈసారి కారులో). ఆవిడకి బొమ్మలంటే పెద్ద ఆసక్తి లేదు. చార్లీ వేసిన ముఖాలు ఒకటి రెండు చూసి, "ఏమ్మా, కదలొద్దు, ఇటే చూడండని ఫొటోగ్రాఫర్ గదిమితే నిలబడ్డట్టున్నారే అందరూ!" అన్నారు.

నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చి చదివితే ఆ మాట ఎంత నిజమో అర్థమైంది. చార్లీకి సినిమా అంటే ప్రాణం. మంచి సినిమాలు తెప్పించి చూపించడానికి 1927లో పెట్టిన 'ఫిల్మ్‌లిగా' అనే సంఘంలో మొదటి నుంచీ ఉంది. చిన్న కొడుకు జాన్ ఫెర్న్‌హౌట్, డాక్యుమెంటరీలు తీసిన యోరిస్ ఇవెన్స్ దగ్గర కెమెరా పట్టాడు. కోడలు ఎవా బెస్న్యో హంగరీ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్. అందుకే ఆ బొమ్మల్లో మనుషులు క్లోజప్‌లో, నేరుగా మన కళ్లలోకి చూస్తూ ఉంటారు.

ఇంతకీ ఎవరు వాళ్లు? 1920ల్లో చార్లీ, ఒకప్పుడు వాన్ గో వెళ్లిన దారినే, బెల్జియంలోని బోరినాజ్ బొగ్గు గనుల వైపు వెళ్లింది. నెదర్లాండ్స్‌లోనే జేలండ్ అనే ప్రాంతంలోని వెస్ట్‌కాపెల్లె ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లి అక్కడి రైతుల్ని వేసింది. పిచ్చాసుపత్రిలో ఉన్నవాళ్లని వేసింది. 1928లో చౌక సత్రంలో తలదాచుకునేవాళ్లని వేసింది. యుద్ధం మధ్యలో, 1943లో, ఒక కూలి మనిషిని వేసింది. మన క్యాలెండర్లలో రైతు ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, లేదంటే ఆకాశంకేసి దీనంగా చూస్తుంటాడు. ఈవిడ రైతులు రెండూ చెయ్యరు. "ఏం కావాలి నీకు?" అన్నట్టు చూస్తారు. జాలి పడదామన్నా పడనివ్వరు. నాకు నచ్చింది అదే. నచ్చనిదీ ఒకటుంది: ఎవర్ని వేసినా కళ్లు మాత్రం ఆవిడవే. అవే పెద్ద కళ్లు, అదే గుచ్చే చూపు. 1929లో ముగ్గురు పిల్లలతో కలిపి తనని వేసుకున్న బొమ్మలో నాలుగు జతల కళ్లూ ఒకేలా ఉంటాయి. సరే, అక్కడంటే రక్తసంబంధం!

సొంత జీవితం తేలిగ్గా గడవలేదు. 1912లో పెళ్లయింది, 1917లో విడిపోయారు. ముగ్గురు పిల్లలు, చేతిలో కుంచె. అసలు ప్రభుత్వమే వద్దనే అరాచకవాది (అనార్కిస్టు) ఆర్థర్ లేనింగ్ లాంటి వాళ్లతో స్నేహం. జర్మన్లు వచ్చాక కళాకారులంతా 'కుల్తూర్‌కామర్' అనే ప్రభుత్వ సంఘంలో చేరాలన్నారు, చేరకపోతే బొమ్మలు ప్రదర్శించే వీల్లేదు. ఈవిడ చేరలేదు. అదే రోజుల్లో, 1941లో, 'మూడు తరాలు' అనే బొమ్మ మొదలుపెట్టింది: తండ్రి ముఖాన్ని చెక్కిన శిల్పం, తను, చిత్రకారుడైన పెద్ద కొడుకు ఎడ్గర్. పూర్తయ్యేసరికి 1950. అయిదేళ్ల తర్వాత, 1955లో, నెదర్లాండ్స్‌లోని బెర్గెన్‌లో చనిపోయింది.

ఆ 'మూడు తరాలు' మా ఊరి బోయ్‌మన్స్ మ్యూజియంది. తమాషా ఏమిటంటే ఆ మ్యూజియం మరమ్మతుల కోసం 2019 నుంచి మూసే ఉంది. ఇంటి పక్కనే ఉన్న బొమ్మని నేను ఇప్పటిదాకా పుస్తకంలోనే చూశాను. మీరు క్రోలర్-మ్యూలర్‌కి వెళ్తే అడవికి వేరే టికెట్, మ్యూజియానికి వేరే టికెట్. బొమ్మలు మారుస్తుంటారు కాబట్టి బఫూన్ గోడ మీద ఉందో లేదో ముందే కనుక్కోండి. సైకిల్ తీసుకుంటే మాత్రం పెడల్ వెనక్కి తొక్కడం గేటు దగ్గరే ఒకసారి ప్రాక్టీస్ చెయ్యండి.